రంగుకా, కారానికా?

పెరంబూరులో మా వీధి మలుపు దగ్గర, ట్రాన్స్‌ఫార్మరు పక్క గోడకి ఆయన ఫ్లెక్సు కట్టారు. మద్రాసులో మనిషి పోతే బంధువులకంటే ముందు ఫ్లెక్సు వస్తుంది. పైన అరవంలో కన్నీటి అంజలి అని పెద్ద అక్షరాలు, రెండు పక్కలా రెండు తెల్ల పావురాలు, మధ్యలో ఆయన. తెల్లటి కరాటే డ్రెస్సు, నుదుట ఎర్రటి నామం గీత, ఫోటో తీస్తున్నారంటే వచ్చే ఆ సిగ్గు నవ్వు. నడుముకి నల్ల బెల్టు.

ఆయనకి నల్ల బెల్టు రాలేదు. పోయిన రోజుకి కూడా ఆయనది బ్రౌనే, అంటే నలుపుకి ఒక మెట్టు కింద.

ఫోటో ఫ్లెక్సు షాపుకి పంపింది నేను. అచ్చు వేసే ముందు షాపతను నమూనా నా ఫోనుకి పంపి, వెనకాలే వాయిస్ పెట్టాడు. "బ్రౌన్ రొంబ డల్లా ఇరుక్కు సార్, అదాన్ బ్లాక్ పణ్ణిట్టేన్." బ్రౌను మరీ వెలిసిపోయినట్టుందని నల్లగా మార్చేశాడట. నేను చూడలేదని చెప్పడానికి లేదు. చూశాను, కాసేపు అలాగే చూశాను, ఓకే అని పంపించాను. ఆ బెల్టు ఆయనకి దక్కకుండా పోవడానికి కారణం నేనే. బతికుండగా ఇవ్వవలసిన చోట ఇవ్వలేనిది, పోయాక ఫోన్లో ఒక్క వేలితో ఇచ్చేశాను. ఇప్పుడు డ్యూటీకి పోతూ వస్తూ ఆ గోడ ముందునుంచే నడవాలి.

మేమందరం ఆయన్ని అన్న అనే పిలిచేవాళ్ళం. మా తరం వాళ్ళకీ అన్నే, మా తరవాత వచ్చిన బుడ్డ పిల్లలకీ అన్నే. జార్జిటౌన్లో ఆయనకి ఎండు మిరపకాయల మండీ ఉండేది, తాతల నాటిది. మనిషి పొట్టి, బొద్దు, చెంపలు మెత్తన. వీధిలో చూపించి ఇతను కరాటే చేస్తాడంటే ఎవరూ నమ్మరు. ఆదివారం పొద్దున స్కూటరు మీద డ్రెస్సు వేసుకునే స్కూలు గ్రౌండుకి వచ్చేవాడు. ఎంత ఉతికినా ఆ డ్రెస్సు చేతుల్లో మిరపకాయ ఘాటు వదిలేది కాదు. ఆయనతో తలపడితే ముందు తుమ్ము వచ్చేది, తరవాతే దెబ్బ. చెమట పట్టిందంటే నామం కరిగి ఎర్రగా ముక్కు మీదికి కారేది. కొత్తగా చేరిన పిల్లలు నెత్తురనుకుని బెదిరిపోయేవాళ్ళు. "నెత్తురు కాదబ్బయ్యా, పెరుమాళ్ళు" అని తుడుచుకునేవాడు.

మండీలో ఆయన వేరే మనిషి. గోతం మీద ఎవరి ముద్ర ఉందో చూసేవాడే కాదు. చెయ్యి మోచేతిదాకా లోపలికి దూర్చి, అడుగునున్న కాయ తీసి, తుంచి, వాసన చూసి, ఒక గింజ నాలిక మీద వేసుకునేవాడు. "ముద్ర గోతానికి ఏస్తారు, కాయకి ఎయ్యరు గదా" అనేవాడు. కొనడానికి వచ్చినవాళ్ళు మంచివి ఇయ్యండి అంటే ఆయనకి చిరాకు. "మంచియ్యంటే ఎట్ట? రంగుకా, కారానికా?" అని అడిగేవాడు. ఒక రకం కాయ కూరని ఎర్రగా చేస్తుంది గాని నోరు మండదు. ఇంకో రకం చూడడానికి వెలవెలబోతూ ఉంటుంది, ఒక్కటి వేస్తే చాలు, ఇంటిల్లిపాదీ నీళ్ళ చెంబు వెతుక్కుంటారు. ఏది దేనికో తెలియకుండా అమ్మడం ఆయన దృష్టిలో దొంగతనం. రెండూ ఒకే గోతంలో కలిపి అమ్మేవాడి పేరెత్తితే కాఫీ తాగుతున్నవాడల్లా గ్లాసు కింద పెట్టేసేవాడు.

ఆ ప్రశ్న ఆయనకి ఊతపదం అయిపోయింది. ఎన్నికల్లో నిలబడినవాడి గురించి చెప్పినా అదే, కొత్తగా వచ్చిన ఫోను చూపించినా అదే. కొత్త బెల్టు కట్టుకుని మురిసిపోతూ ఎదురుగా వచ్చిన పిల్లవాణ్ణి ఎగాదిగా చూసి, "బాగుండాది. రంగుకా, కారానికా?" అనేవాడు. "కారానికి అన్నా" అని వాళ్ళు గొంతెత్తి అరవాలి. అరిచేదాకా వదిలేవాడు కాదు.

మా సంఘంలో బెల్టు పరీక్ష ఎలా ఉంటుందో చెప్పాలి. ముందు నేర్చుకున్న వరసలన్నీ గాలిలో చేసి చూపించాలి. చివర ఒక ఫైటు. ఎదురుగా పై బెల్టువాడు నిలబడతాడు, ముందుగా మూడు శుభ్రమైన దెబ్బలు ఎవరు తగిలిస్తే వాళ్ళది గెలుపు. నల్ల బెల్టువాళ్ళు బల్ల దగ్గర కూచుని మార్కులు వేస్తారు గనక, పిల్లలకి ఎదురుగా నిలబడే పని బ్రౌన్ బెల్టువాడిది. అంటే అన్నది. పెరంబూరు చుట్టుపక్కల ఎవరి నడుముకి నలుపు కాకుండా ఏ రంగు ఉన్నా అన్నని కొట్టి తెచ్చుకున్నదే.

ఆయన ఓడేవాడు. అదేమీ తేలిక పని కాదని ఈమధ్యనే నాకు తెలిసింది. భయస్తుడు వస్తే రెండడుగులు వెనక్కి వేసి పొట్ట ముందుకి వదిలేవాడు. పొగరుగా వచ్చినవాడికి మాత్రం ఊరికే చిక్కేవాడు కాదు. వాడి దెబ్బలన్నీ పక్కకి తోసి, బాగా అలవనిచ్చి, ఇక నావల్ల కాదని వాడి మొహంలో కనబడ్డాక, వాడు ఆ నెలలో నేర్చుకున్న దెబ్బకే సరిగ్గా పడేవాడు. పడినప్పుడు "అబ్బ" అనేవాడు. పెద్దగా కాదు, వంటింట్లో వేలు కాలితే అనేంత. ఆ అబ్బ విన్న పిల్లవాడు ఇంటికి పోయేటప్పుడు నడకే మారిపోయేది.

ఇంకొకటి ఉంది. ఆయన ప్యాంటు బొందు ఆ పొట్ట మీద నిలిచేది కాదు. ఫైటు మధ్యలో ఎడమ చేత్తో ప్యాంటు ఎగేసుకునేవాడు. ఆ క్షణం ఎడమ డొక్క ఖాళీ. గ్రౌండులో ఇదొక పెద్ద రహస్యం. పరీక్షకి ముందు పెద్ద పిల్లలు చిన్న పిల్లల చెవుల్లో చెప్పేవాళ్ళు, అన్న ప్యాంటు ఎగేసుకున్నప్పుడు కొట్టెయ్ అని. నాకూ ఎవరో అలాగే చెప్పారు, నేనూ కొందరికి చెప్పాను.

పరీక్ష అయిపోయాక స్కూటరు డిక్కీలోంచి కమర్‌కట్టు పొట్లం తీసేవాడు, బెల్లమూ కొబ్బరీ కలిపి చేసే ఆ గట్టి ఉండలు. పాసైనవాళ్ళకి ఒకటి, ఫెయిలైనవాళ్ళకి రెండు. ఇదేం లెక్క అన్నా అని ఒకసారి అడిగాను.

"గెలిచినోడి నోరు ముందే తియ్యంగా ఉంటాది" అన్నాడు. "ఓడినోడికి గదా కావాల్సింది."

పిల్లలకి ఆయన కావాలనే ఓడతాడని కొంచెం వయసొచ్చాక అందరికీ అర్థమయ్యేది. నాకూ అర్థమైంది. ఇందులో నవ్వొచ్చే సంగతి ఏమంటే, నాకు కూడా అలాగే ఓడాడని నేను ఎన్నడూ అనుకోలేదు. మిగతా వాళ్ళందరికీ ఆయన ఓడాడు, నేను మాత్రం ఆయన్ని ఓడించాను. బ్రౌన్ బెల్టు పరీక్షలో ఆయన ఎడమ డొక్కలో నేను కొట్టిన దెబ్బ గురించి ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. పెళ్ళిలో బావమరుదులకి చెప్పాను. మాధవరం మిల్క్ కాలనీలో నేను సొంతంగా క్లాసు పెట్టుకున్నాక మొదటి బ్యాచికి కూడా అదే కథ.

నేను అంబత్తూరు ఎస్టేటులో ఒక కంపెనీలో క్వాలిటీ చూస్తాను. మిషను మీదనుంచి వచ్చిన ముక్క గేజులో దూరితే పాసు, దూరకపోతే తొట్టిలోకి. "నీ పని బాగుండాది అబ్బయ్యా, ఇనుముకి మొహమాటం ఉండదు" అని అన్న నన్ను ఆటపట్టించేవాడు. నిజమే. క్లాసులో నాకు ఆ గేజు లేదు. "ఎన్ని నెలల్లో బ్లాక్ వస్తాది సార్" అని అడిగి మరీ పిల్లల్ని చేర్పించే తల్లిదండ్రులు, బెల్టు కట్టిన గంటలోపు స్టేటస్‌లో ఫోటో. పసుపుకీ ఆరెంజికీ మధ్యలో సగం సగం రంగు బెల్టు ఒకటి కొత్తగా పెట్టారు, పిల్లలు ఆగలేరని. నేనూ కడుతున్నాను. రెండో రకం సరుకు మీద మొదటి రకం ముద్ర కొట్టే పని ఆదివారం పూట చేస్తూ, సోమవారం పొద్దున మళ్ళీ గేజు పట్టుకుంటాను.

మరి అన్న ఎందుకు అన్నేళ్ళు బ్రౌన్‌లో ఉండిపోయాడు? మాకు నేర్పిన పెద్ద మాస్టరు ఎన్నోసార్లు రాసిపెడతానన్నాడు. అన్న దాటవేసేవాడు. "నాకు నల్లది వస్తే బల్లకాడ కూసోబెడతారు. ఈడ పిలకాయల చేత దెబ్బలు ఎవురు తింటారు?" పరీక్ష లేకుండా గౌరవంగా ఇస్తామన్నారు ఒకసారి. అప్పుడు మాత్రం కోపం వచ్చింది. "కాయ చూడకుండా ముద్ర ఏస్తారా?" అని స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

మనసు మార్చింది వాళ్ళావిడ. మేం వదిన అనేవాళ్ళం. ఆవిడ నోటికి జడిసి అన్న ఇంట్లో గొంతెత్తడని మండీలో చెప్పుకునేవాళ్ళు. ఒక ఆదివారం క్లాసయ్యాక కాఫీకి ఇంటికి తీసుకుపోయాడు. దండెం మీద ఆరేసిన బెల్టు చూపించి ఆవిడ అంది, "నడికట్టు ఉతకకూడదంట గదా, ఉతికితే నేర్చుకునింది పోతాదంట. నేను వారం వారం ఉతకతానే ఉండా అబ్బయ్యా. పోయేదేదో ఎప్పుడో పోయింటాది."

అన్న నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

"ఈయన తరవాత చేరిన పిలకాయలందరూ నల్లది కట్టుకోని తిరగతా ఉండారు. ఈయన ఆదివారం వస్తే తన్నులు తిని వస్తాడు. ఒళ్ళంతా కమిలిపోయి ఉంటాది, తైలం పూసేది నేను. నిజంగా వస్తాదో రాదో ఒక్కసారి నాకు చూడాలని ఉండదా?"

అన్న కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని దాంట్లోకే చూస్తున్నాడు. అప్పటికే ఆయనకి అరవై దాటాయి, మోకాళ్ళు పట్టేస్తున్నాయి, పడితే లేవడానికి చెయ్యి ఆనించుకోవలసి వస్తోంది. "సెరి. ఒక్కసారి రాస్తాను. నువ్వు చూడాలన్నావు గదా, వచ్చి చూడు" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో కోరిక వినబడింది. అంతకుముందు ఆయన నోట ఏదీ కావాలని నేను వినలేదు.

నల్ల బెల్టు పరీక్షకి ఎదురుగా నల్ల బెల్టువాడే నిలబడాలి. నాకు నల్లది ఎప్పుడో వచ్చింది గనక పెద్ద మాస్టరు నన్ను పక్కకి పిలిచాడు. "అందరికీ ఆయన ఓడినాడు. మనం ఒకసారి ఓడితే ఏం తరిగిపోదు. నువ్వు నిలబడు" అన్నాడు. నేను సంతోషంగా ఒప్పుకున్నాను. ఇంటికి వచ్చి మా ఆవిడతో కూడా చెప్పాను, అన్నకి గెలుపు ఇచ్చేస్తున్నానని. ఇవ్వడం అనే మాటే వాడాను. ఎంత పెద్ద మనసు నాది అనిపించింది ఆ పూట.

పరీక్ష రోజు గ్రౌండులో షామియానా వేశారు. మార్కులు వేయడానికి బయటి ఊరినుంచి ఒక ఎగ్జామినరు వచ్చాడు, ఆయనకి మాలో ఎవరూ తెలియదు. మా మాధవరం పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు చాపల మీద ముందు వరసలో కూచున్నారు. వదిన మొదటిసారి గ్రౌండుకి వచ్చింది, పట్టుచీర కట్టుకుని, ఒళ్ళో సున్నుండల డబ్బా పెట్టుకుని. అన్న కొత్త ప్యాంటు వేసుకున్నాడు. "బొందు పీకేసి ఎలాస్టిక్ ఏసినా. అందరి ముందర ప్యాంటు ఎగేసుకుంటా నిలబడబాకు" అని ఆవిడ పెద్దగానే చెప్పింది, చాపల మీదివాళ్ళు నవ్వారు, అన్న కూడా నవ్వాడు.

వరసలు ఆయన చేసి చూపిస్తుంటే ఎగ్జామినరు కలం కింద పెట్టి చూశాడు. మోకాలు నొప్పి ఉన్న మనిషని ఎక్కడా తెలియలేదు. తరవాత ఫైటు. వంగి దండం పెట్టుకున్నాం. నేను ఓడిపోవడానికే వచ్చాను గదా, ఎప్పుడు ఎలా దొరకాలో ముందే ఆలోచించి పెట్టుకున్నాను. కాసేపు తిరిగి, బాగా ఆడినట్టు కనిపించి, అప్పుడు కుడి వైపు వదులుదామని. ఇంకా తిరగడం మొదలుపెట్టలేదు, ఆయన పిడికిలి నా ఛాతీ మీద ఉంది. ఎప్పుడు వచ్చిందో చూడలేదు. నొప్పి కూడా లేదు, ముద్ర వేసినట్టు ఆనింది, వెళ్ళిపోయింది. ఒకటి అన్నాడు ఎగ్జామినరు.

సరే, ఇదీ మంచిదే అనుకున్నాను. కాని ఈసారి జాగ్రత్తగా చేతులు అడ్డం పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నాను? ఓడదామని వచ్చినవాడికి జాగ్రత్త దేనికి? ఆయన ఎడమ చేతిని చూస్తుండగా కుడి కాలు వచ్చి నా చెంపకి వెంట్రుక వాసిలో ఆగింది. రెండు. గుప్పుమని మిరపకాయ వాసన. ముందు వరసలో మా క్లాసు పిల్ల ఒకతె, "సార్ ఓడిపోతాండారు" అంది, గట్టిగా ఏం కాదు, ఆశ్చర్యంగా.

ఓడిపోదామనే వచ్చాను. అయితే అది నేను ఇచ్చే ఓటమి. ఇది నాకు వస్తున్న ఓటమి. రెంటికీ ఇంత తేడా ఉంటుందని నాకు తెలియదు. ఇన్నేళ్ళ కథ, డొక్కలో కొట్టిన ఆ దెబ్బ, మాధవరంలో నా బోర్డు, అన్నీ ఒక్కసారి కాళ్ళకిందనుంచి జారిపోతున్నట్టయి నేను మీదపడ్డాను. చిన్నపిల్లలు మీదపడినట్టు, కళ్ళు మూసుకుని, చేతులు విసురుతూ. ఆయన ఒక్కొక్కటీ పక్కకి తోశాడు. తోస్తూ నా మొహం చూశాడు. అన్నేళ్ళు పరీక్షలో ఆయన ఎదురుగా నిలబడ్డ పిల్లల మొహాల్లో ఉండే బెదురే నా మొహంలో ఉండి ఉంటుంది. ఆ బెదురు చూస్తే ఏం చెయ్యాలో ఆయన చేతులకి ఒక్కటే తెలుసు.

ఎడమ చెయ్యి నడుము మీదికి పోయింది. ప్యాంటు ఎగేసుకున్నాడు.

నేను కొట్టాను. అబ్బ అన్నాడు.

మొదటిది అలవాటుకొద్దీ కొట్టాననుకుందాం. మళ్ళీ ఎగేసుకున్నాడు, మళ్ళీ కొట్టాను. మూడోసారి ఆయన కళ్ళల్లోకి చూస్తూనే కొట్టాను. ఆయన ఏం చేస్తున్నాడో అప్పటికి నాకు బాగా తెలుసు. చెయ్యి ఆపితే చాలు. ఆపలేదు. ఆయన చెయ్యి నేల మీద ఆనించుకుని మెల్లిగా లేచాడు, నామం ముక్కు మీదికి కారి ఉంది.

ఎగ్జామినరు మైకులో చెప్పాడు, విద్య ఉంది, కాపు లేదు, ఎడమ పక్క ఎప్పుడూ ఖాళీ, ఈ వయసులో ఇంత ప్రయత్నించినందుకు అభినందనలు అని. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్ద మాస్టరు నన్ను ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. ఆ మైకు నాకు చేతికందే దూరంలోనే ఉంది. ఒక్క మాట చెప్తే సరిపోయేది. తేలు కుట్టిన దొంగలా బెల్టు సరిచేసుకుంటూ నిలబడ్డాను. అన్నే దగ్గరికి వచ్చి, మా పిల్లలకీ వదినకీ వినబడేలా అన్నాడు, "బాగా కొట్టినావు అబ్బయ్యా. నేనే ఎడం పక్క ఇంకా కాసుకోవాల."

వదిన డబ్బా మూత తీసింది. గెలిచినా ఓడినా తెచ్చినవి పంచాలి గదా. చాపల మీది పిల్లలకీ, ఎగ్జామినరుకీ, పెద్ద మాస్టరుకీ తలా ఒక సున్నుండ పెడుతూ వచ్చింది. నా దగ్గరికి వచ్చి నా చేతిలో రెండు పెట్టింది. గెలిచినవాడినని రెండు ఇచ్చింది కాబోలు అనుకున్నాను. అలా అనుకోవడానికి చాలా కష్టపడ్డాను. అన్న గ్రౌండులో పెట్టుకున్న లెక్క ఆవిడకి తెలిసి ఉండదని, ఆవిడ అంతకుముందు ఎప్పుడూ గ్రౌండుకే రాలేదని నాకు నేను చెప్పుకున్నాను.

కొన్నాళ్ళకి మండీకి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. అన్న గోతంలో చెయ్యి పెట్టి ఉన్నాడు. నన్ను చూసి, ఏ కొత్త బేరగాణ్ణో అడిగినట్టు, "ఏంది అబ్బయ్యా, రంగుకా, కారానికా?" అన్నాడు.

"నాది రంగేనన్నా" అన్నాను. "కారం లేదు. ఆ పొద్దు..."

ఆయన నా మాట పూర్తి చెయ్యనివ్వలేదు. ఒక గోతంలోంచి ఒక దోసెడు, పక్క గోతంలోంచి ఒక దోసెడు తీసి ఒకే సంచిలో పోశాడు. రెండు రకాలు కలపడం పాపమనే మనిషి. "రొండూ కలిపి తీసకపో. ఉట్టి కారం ఎవురు తింటారు చెప్పు" అన్నాడు. సంచి మూతి ముడేసి నా చేతిలో పెట్టి, వెంటనే పక్కనున్న బేరగాడి వైపు తిరిగాడు. నేను చెప్పకుండానే వచ్చేశాను. ఆయన వద్దన్నాడని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను గాని, ఆయన వద్దన్నందుకు నాకు హాయిగా ఉందన్నది కూడా నిజం.

ఆ తరవాత మోకాళ్ళ మూలంగా ఆయన గ్రౌండుకి రావడం మానేశాడు. పరీక్షల్లో పిల్లలకి ఎదురు నిలబడేవాడు లేకపోతే, నేను బల్ల దగ్గరనుంచి లేచి వెళ్ళి నిలబడ్డాను. నల్ల బెల్టువాళ్ళు అలా నిలబడరని కొందరు సణిగారు. నిలబడి చూశాను. ఆయనలా ఓడడం నాకు చేతకాలేదు. పొట్ట వదిలితే మరీ వదిలినట్టుంది, పడితే మరీ ముందే పడ్డాను. ఒక పిల్లవాడు దెబ్బ తగలకముందే నేను అబ్బ అనడం చూసి, "సార్ యాక్టింగ్ చేస్తాండారు" అని బెల్టు తీసుకోకుండా ఏడ్చాడు. వాడికి కోపం వచ్చినందుకు నేను నొచ్చుకోలేదు. వాడికి గేజు ఉంది.

అన్న మధ్యాహ్నం పూట మండీలో కుర్చీలో కూచునే పోయాడు. నిద్రపోతున్నాడనుకున్నారట. కర్మలన్నీ ముగిశాక శుభం రోజు భోజనాలకి వాళ్ళింటికి వెళ్ళాను. అందరూ వెళ్ళిపోయేదాకా వాకిలి పక్కన కూచున్నాను, ఏం చెప్పాలో వరసపెట్టుకుంటూ. వదిన చేతులు కడుక్కుని వచ్చి గడప మీద కూచుంది. మనిషి చిక్కిపోయింది, మాట మాత్రం అలాగే ఉంది.

"మీ వీధిలో బొమ్మ చూసినా అబ్బయ్యా. ఆయనకి నల్లది ఎవురు కట్టినారు?"

"నేనే వదినా" అన్నాను. ఫ్లెక్సు షాపతని మీదికి తోసేద్దామని నాలిక చివరిదాకా వచ్చింది గాని తొయ్యలేదు.

"ఉంటే నవ్వేవాడు. రంగుకా కారానికా అని అడిగేవాడు."

"వదినా, ఆ పొద్దు నేను గెలవలేదు."

ఆవిడ చీర చెంగు వేళ్ళకి చుట్టుకుని, విప్పుకుంది.

"ఆ ప్యాంటుకి ఎలాస్టిక్ ఏసింది నేను గదా" అంది. "జారే ప్యాంటయితే గదా ఎగేసుకునేది."

ఆవిడకి తెలుసు. అన్నేళ్ళు ఒంటి మీద దెబ్బలకి తైలం పూసి, ఒక్కసారి ఆయన గెలిస్తే చూద్దామని పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఆయన గెలుస్తుంటే చూసింది, నేను దాన్ని లాక్కుంటుంటే కూడా చూసింది.

"అప్పుడే అడగాల్సింది వదినా. అందరి ముందర నన్ను అడగాల్సింది."

"ఇంటికొచ్చినాక నాతో కూడా అదే చెప్పినాడు, బాగా కొట్టినాడు అబ్బయ్య అని. నీకు ఓడేదానికి ఆయన అంత కష్టపడినాక, మధ్యలో నేనెవురు గెలిపించేదానికి?" ఆవిడ లేచింది, మోకాలి మీద చెయ్యి ఆనించుకుని, అచ్చం ఆయనలాగే. "ఓడినోళ్ళకి రొండు అనే లెక్క ఆయనది అనుకున్నారా మీరందరూ? అది మా అమ్మగారింటి లెక్క, పెండ్లయినాక నేను చెప్పిందే. సున్నుండలు మాత్రం లెక్క ప్రకారమే ఇచ్చినా గదా నీకు."

ఇచ్చింది. ఆ రెండూ నేను తిన్నాను.